తలకి ఇంజెక్షన్లు వేయించుకునే ముందు: చిన్నాకీ బుజ్జికీ పెద్దమ్మ రాసేది

చిన్నా, బుజ్జీ, ఇద్దరూ ఒకే ప్రశ్న అడిగారు గానీ ఇద్దరికీ జవాబు ఒకటి కాదు. జుట్టు ఊడుతోందని వెళ్తే విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఏదో క్లినిక్‌లో తలకి ఆరు సిట్టింగుల ఇంజెక్షన్ల ప్యాకేజీ చెప్పారనీ, ఈ వారంలో అడ్వాన్స్ కడితే అక్కాతమ్ముళ్లిద్దరికీ తగ్గించి చేస్తామన్నారనీ రాశారు. ఆ డబ్బు ఇప్పుడే కట్టకండి. గుంటూరులో చర్మవ్యాధుల ఓపీలో ఉద్యోగమంతా చేసినదాన్ని, ఈ సూదులు పనిచేసినవాళ్లనీ చూశాను, అప్పు చేసి వేయించుకుని ఏడ్చినవాళ్లనీ చూశాను. తేడా ఎక్కడొచ్చిందంటే, జుట్టు ఎందుకు ఊడుతోందో ముందు తేల్చుకున్నారా లేదా అన్న దగ్గరే.

బుజ్జీ, ముందు నీ సంగతి. నీకు కాన్పు అయి నాలుగో నెల. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల ఊడాల్సిన వెంట్రుకలు కూడా ఊడకుండా నిలబడతాయి, కాన్పయ్యాక ఆ హార్మోన్లు పడిపోతాయి, రెండు మూడు నెలలకి అవన్నీ ఒక్కసారిగా రాలడం మొదలవుతుంది. దువ్వెన నిండా, బాత్రూమ్ జాలీ నిండా జుట్టే కనిపిస్తే టెన్షన్ పడటం సహజమే, కానీ కుదుళ్లు బతికే ఉన్నాయి, బాబు మొదటి పుట్టినరోజు నాటికి చాలామందికి మళ్లీ ఒత్తుగా వచ్చేస్తుంది. డెంగీ జ్వరం తర్వాత జుట్టు ఊడటం కూడా ఇలాంటిదే. ఇప్పుడు నువ్వు సూదులు వేయించుకుంటే, ఎలాగూ తగ్గిపోయేది సూదుల వల్లే తగ్గిందని అనుకుంటావు, డబ్బు మాత్రం పోతుంది. నువ్వు చేయాల్సింది రక్త పరీక్ష: హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), థైరాయిడ్. కాన్పు తర్వాత థైరాయిడ్ గాడి తప్పడం అరుదేం కాదు. ఏడాది దాటాక కూడా పాపిడి దగ్గర మాడు రోజురోజుకీ వెడల్పుగా కనిపిస్తుంటే అప్పుడది వేరే రకం, డాక్టరుకి చూపించాలి, పీసీఓడీ, అంటే అండాశయాల హార్మోన్ల తేడా, ఉందేమో కూడా చూస్తారు. పాలిస్తున్నన్నాళ్లు మినాక్సిడిల్ లాంటి జుట్టు మందులు నీ అంతట నువ్వు మొదలుపెట్టకు.

చిన్నా, నీది అలా కాదు. నుదురు రెండు పక్కలా పైకి పోతోంది, నడినెత్తిన పల్చబడుతోంది, మీ తాతయ్యకీ మామయ్యకీ అంతే. మగ హార్మోన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ కుదుళ్లని ఏటికేడాది చిన్నవి చేస్తూ పోతుంది. వాళ్లు నీకు చెప్పిన పీఆర్పీ అంటే నీ చేతి నుంచే కొంచెం రక్తం తీసి, సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో గిర్రున తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న ప్లాస్మాని వేరుచేసి మాడులో సన్న సూదితో అక్కడక్కడా ఎక్కించడం. జీఎఫ్‌సీ అనేది కూడా మన రక్తం నుంచే తీసేది, దాని వరసలోదే. వీటితో కొందరికి జుట్టు మందం పెరుగుతుంది, అది నిజమే, కానీ డీహెచ్‌టీని ఇవి ఆపవు. అందుకే దీనికి అసలు వైద్యం డీహెచ్‌టీని తగ్గించే ఫినాస్టరైడ్ మాత్ర, దాంతో పాటు మాడుకి రాసే మినాక్సిడిల్. ఒక మిల్లీగ్రాము ఫినాస్టరైడ్‌కి మగవాళ్ల బట్టతలకి అమెరికాలో 1997లోనే అనుమతి వచ్చింది. కొద్దిమందికి దానివల్ల కోరిక తగ్గడం, మనసు దిగులుగా ఉండటం జరుగుతుంది కాబట్టి డాక్టరు దగ్గర సిగ్గుపడకుండా మాట్లాడే మొదలుపెట్టు. పీఆర్పీ వీటికి తోడు మాత్రమే, అదీ కుదుళ్లు ఇంకా మిగిలి ఉన్నచోటే. నున్నగా అయిపోయిన చోట ఆ సూదులు వేయడం విత్తనం లేని మడికి నీళ్లు పెట్టడమే. పెళ్లి నాలుగు నెలల్లో ఉంది కదా, ఫలితం కంటికి కనపడటానికే నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది, మినాక్సిడిల్ మొదలుపెట్టిన కొత్తలో అయితే ఇంకాస్త ఎక్కువ రాలుతుంది కూడా. కాబట్టి పెళ్లి ఫోటోల కోసమని తొందరపడకు, ఆ అమ్మాయి నిన్ను చూసే ఒప్పుకుంది.

మీ బాబాయి గడ్డంలో రూపాయి బిళ్లంత పేనుకొరుకుడు వచ్చిందన్నారు. దానికి మాత్రం సూది నిజంగా మంచి వైద్యం, కాకపోతే ఆ సూదిలో ఉండేది ప్లాస్మా కాదు, ట్రయామ్‌సినొలోన్ అనే స్టెరాయిడ్, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి మచ్చలోనే కొద్దికొద్దిగా వేస్తారు. మోతాదు ఎక్కువైతే చర్మం గుంట పడుతుంది, అందుకే చేయి తిరిగిన డాక్టరు కావాలి. గురివింద గింజ అరగదీసి రాయమని ఎవరో చెప్పారట, దయచేసి వద్దని చెప్పండి, అది విషం, పుండు పడుతుంది.

మాడు మంట పుడుతూ, ఎర్రగా అయ్యి, ఆ చోట నున్నగా మెరుస్తూ జుట్టు పోతుంటే అది కుదుళ్లనే చంపేసే జబ్బు కావచ్చు. అలాంటప్పుడు పీఆర్పీ అంటూ నెలలు గడిపితే పోయిన జుట్టు తిరిగి రాదు.

చిన్నా, అన్నీ తేలాక వేయించుకోవాలనే అనుకుంటే ఇది గుర్తుపెట్టుకో. చేసేది చర్మవ్యాధుల్లో ఎండీ గానీ డిప్లొమా గానీ ఉన్న డాక్టరేనా అని అడుగు, గోడ మీద ట్రైకాలజిస్ట్ (జుట్టు నిపుణులు) అని సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన డాక్టరు కాదు. సిరంజి, సూది, ట్యూబ్ నీ కళ్లముందే కొత్త ప్యాకెట్లోంచి తీయాలి, ట్యూబ్ మీద నీ పేరు రాయాలి, లేకపోతే లేచి వచ్చేయ్. ఇలా గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. అమెరికాలో న్యూ మెక్సికోలో ఒక స్పాలో మొహానికి ఇలాంటి ప్లాస్మా సూదులు వేయించుకున్న ఆడవాళ్లకి హెచ్‌ఐవీ సోకింది, 2018లో బయటపడిన ఆ సంగతిని 2024లో వాళ్ల ప్రజారోగ్య సంస్థ సీడీసీ వివరంగా ప్రకటించింది. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, ప్లేట్‌లెట్లు తక్కువున్నా, తలలో పుండ్లున్నా ముందే చెప్పాలి. తర్వాత నొప్పి అనిపిస్తే డాక్టరుని అడిగే మాత్ర వేసుకో, ఐబుప్రోఫెన్ లాంటివి నీ అంతట నువ్వు వేసుకోకు. నుదురు ఒకట్రెండు రోజులు వాస్తే భయపడకు, చీము పట్టినా జ్వరం వచ్చినా మాత్రం ఆగకు. మొదటి సిట్టింగుకి ముందే ఒకే వెలుగులో, ఒకే పాపిడితో ఫోటోలు తీసి పెట్టుకో, సిట్టింగు సిట్టింగుకే డబ్బు కట్టు. ఎక్సోజోమ్స్ (కణాల నుంచి తీసే అతి సూక్ష్మమైన తిత్తులు) అని ఇంకా ఖరీదైనది చూపిస్తే ఒప్పుకోకు, అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ అనుమతి ఉన్న ఎక్సోజోమ్ ఇంజెక్షన్ ఒక్కటీ లేదు.

ముందు గుంటూరు కొత్తపేటలోనో విజయవాడ సూర్యారావుపేటలోనో మంచి చర్మవైద్యులకి చూపించుకోండి, ఖర్చు భారమనిపిస్తే జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) ఓపీ ఉంది, పొద్దున్నే వెళ్లి చీటీ రాయించుకోండి. బుజ్జీ, ఐరన్ మాత్రా కాల్షియం మాత్రా కలిపి వేసుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది, అలా వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు, ఒకటి పొద్దున ఒకటి రాత్రి వేసుకో, టీ తాగిన వెంటనే ఐరన్ వద్దు. రిపోర్టులు రాగానే ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు.