చిన్నా, ఇంక్యుబేటర్ కొనే ముందు ఈ పెద్దమ్మ మాట విను

చిన్నా,

నువ్వు పంపిన మూడు ఇంక్యుబేటర్ల, అదే గుడ్లు పొదిగే మిషన్ల ఫోటోలూ రాత్రి కూర్చుని చూశాను నాయనా, ఒకటి 56 గుడ్లది, ఒకటి 24 గుడ్లది, ఇంకోటి థర్మకోల్ పెట్టె. ఏది కొనాలో చెప్తా గానీ ముందు కొన్ని సంగతులు వినాలి, ఫోన్లో అయితే నువ్వు సగం విని సరే సరే అంటావు, అందుకే ఇలా రాస్తున్నా.

మొదట మిషన్ సంగతి పక్కన పెట్టు. పిల్లలు లేచాక ఎక్కడ పెంచుతావు? ఈ బెంగళూరు హొరమావులో నీది అద్దె మేడ, పైన చిన్న షెడ్డు. 56 గుడ్లు పెట్టి అందులో ఒక 35 పిల్లలు లేచాయనుకో, వాటిలో దాదాపు సగం పుంజులే ఉంటాయి, నాలుగైదు నెలలకి తెల్లారకముందే అన్నీ కలిసి కూయడం మొదలెడితే ఇంటి ఓనరూ పక్కింటి వాళ్ళూ ఊరుకుంటారా? ఇప్పుడే వెళ్ళి వాళ్ళతో ఒక మాట మాట్లాడు, పిల్లలు లేచాక మాట్లాడితే గొడవ అవుతుంది. మన మదనపల్లి వైపు ఊళ్ళో అయితే మా అమ్మ పొదుగుకొచ్చిన పెట్ట కింద పది పన్నెండు గుడ్లు పెట్టి గంప కప్పేది, అంతే, దానికి కరెంటూ అక్కర్లేదు నీళ్ళూ అక్కర్లేదు. నీకు పొదిగే పెట్ట లేదు కాబట్టే మిషన్ కావాలి, అయితే ఆ పెట్ట చేసే పనంతా మిషన్ చేస్తుందా లేదా అనేదే చూడాలి.

పెట్ట చేసే పనుల్లో పెద్దది వేడి సమానంగా ఉంచడం. కోడి గుడ్డుకి ఫ్యాన్ ఉన్న పెట్టెలో 37.5 నుంచి 37.8 డిగ్రీలు, 21 రోజులు. ఒక్క డిగ్రీ తేడా కూడా గుడ్డుకి పెద్ద తేడానే, అందులోనూ ఎక్కువవడం తక్కువవడం కంటే ప్రమాదం. నేను మొదట కొన్న మిషన్ గురించి నీకు ఎప్పుడూ చెప్పలేదు కదా. డిస్‌ప్లేలో ఎర్రగా 37.5 అని చక్కగా కనిపించేది, నేను దాన్నే నమ్ముకున్నా, 19వ రోజుకే పిల్లలు పెంకు పగలగొట్టడం మొదలెట్టాయి, అబ్బా తొందరగా వచ్చేశాయే అని సంతోషపడ్డా గానీ వచ్చినవి చిన్నచిన్నవి, బొడ్డు సరిగా మూసుకోలేదు, కొన్ని నిలబడలేకపోయాయి, పద్దెనిమిదిలో ఆరే బతికాయి. తర్వాత వేరే థర్మామీటర్ పెట్టి చూస్తే లోపల 39 చూపించింది. ఆ చచ్చిపోయిన పిల్లల్ని చేతిలోకి తీసుకున్నప్పటి బాధ నాకు ఇప్పటికీ పోలేదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా. ఆలస్యంగా, 22వ రోజు దాటాక లేచాయంటే వేడి తక్కువైందని అర్థం.

కాబట్టి ఏ మిషన్ కొన్నా డిస్‌ప్లేని నమ్మొద్దు. ఇంట్లో జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ ఉంటుంది కదా, దాన్ని గుడ్ల పైభాగం ఎత్తులో కాసేపు పెట్టి చూడు, అది మనిషి జ్వరానికి చేసింది కాబట్టి సరిగ్గా మనకి కావలసిన డిగ్రీల దగ్గరే నమ్మకంగా చూపిస్తుంది. అయితే అది ఎక్కువ ఎంతకి పోయిందో ఆ అంకె దగ్గరే ఆగిపోతుంది, అందుకని రెండు మూడు సార్లు ఆర్పి మళ్ళీ వేసి చూడు. గుడ్లు పెట్టకముందే మిషన్ ఒక రోజంతా ఖాళీగా ఆన్ చేసి, నాలుగు మూలలా, మధ్యలో వేడి ఎంతుందో కాగితం మీద రాసుకో. మూలకీ మధ్యకీ ఒక డిగ్రీ తేడా వస్తే ఆ మిషన్ వద్దు, వాపసు ఇచ్చెయ్. అందుకే కొనేటప్పుడు వాపసు తీసుకుంటారా లేదా అనేది అడుగు, ఎన్ని గుడ్లు పడతాయి అనేది తర్వాత.

ఫ్యాన్ లేని పెట్టెలు కూడా అమ్ముతారు, అందులో పైన ఒక వేడి కింద ఒక వేడి ఉంటుంది, గుడ్డు పైభాగంలో 38.5 దాకా పెట్టుకోవాలి, కొత్తవాళ్ళకి అది తలనొప్పి. ఫ్యాన్ ఉన్నదే తీసుకో.

ఇప్పుడు తేమ సంగతి, ఇక్కడ బెంగళూరులో చాలామంది పొరపాటు చేసేది ఇదే. చెన్నైలో మీ చిన్నత్త కూడా నాలాంటి మిషనే వాడుతుంది, తను మొదటి 18 రోజులు నీళ్ళే పోయదు, పిల్లలు బాగానే లేస్తాయి, అది చూసి ఇక్కడ నీళ్ళు పోయకుండా చేసిన వాళ్ళకి గుడ్లలో పిల్లలు పొరకి అతుక్కుపోయి చచ్చిపోయాయి. ఎందుకంటే చెన్నైలో సముద్రం గాలి, 30 డిగ్రీల్లో తేమ 75 శాతం ఉన్న గాలి పెట్టెలోకి పోయి 37.5కి వేడెక్కితే తేమ దానంతట అదే 50 దగ్గరికి వస్తుంది, మనకి కావలసింది కూడా అదే, 45 నుంచి 55. మన బెంగళూరులో మార్చి మధ్యాహ్నం 30 డిగ్రీల ఎండలో 30 శాతం తేమ ఉన్న గాలి లోపలికి పోతే 20కి పడిపోతుంది. అందుకే ఇక్కడ నీళ్ళ గిన్నె కావాలి, వానలు పడేటప్పుడు తక్కువ, ఎండల్లో ఎక్కువ. 18వ రోజు నుంచి ఎక్కడైనా సరే 65, 70 శాతానికి పెంచాలి. మూత తియ్యకుండా బయట నుంచే నీళ్ళు పోసే గొట్టం ఉన్న మిషన్ అయితే మేలు. మన బోరు నీళ్ళకి గిన్నెలో తెల్లగా ఉప్పు కడుతుంది, తాగే ఫిల్టర్ నీళ్ళు పొయ్యి.

తేమ మీటర్ కూడా అబద్ధం చెప్తుంది, దాన్ని పరీక్షించేది ఒకటుంది: ఒక మూతలో మామూలు ఉప్పు వేసి కొంచెం నీళ్ళతో తడి ముద్దలా చెయ్, దాన్నీ మీటర్నీ కలిపి ఒక జిప్ కవర్లో గాలి పోకుండా మూసి ఓ రాత్రి ఉంచు, పొద్దున 75 చూపించాలి. 68 చూపించిందంటే ఏడు తక్కువ చూపిస్తోందని గుర్తుపెట్టుకో. ఇంకా నమ్మకం కావాలంటే గుడ్లు తూకం వెయ్. పది నాటు గుడ్లు మొదట్లో 450 గ్రాములుంటే 18వ రోజుకి 396 అటూఇటుగా రావాలి, అంటే నూటికి 12 వంతు నీరు ఆరిపోవాలి. అంతకంటే బాగా తగ్గితే తేమ చాల్లేదు, తగ్గకపోతే తేమ ఎక్కువైంది.

గుడ్లు తిప్పడం ఆటోమేటిక్ ఉన్నది తీసుకో. నువ్వు ఆఫీసుకి పోతావు, రోజుకి మూడు నుంచి ఐదు సార్లు చేత్తో తిప్పడం నీ వల్ల కాదు, తిప్పకపోతే పిండం పెంకు లోపలి పొరకి అంటుకుపోతుంది, మొదటి వారం మరీ ముఖ్యం. గుడ్లని దొర్లించే రోలర్ ట్రే అయితే నాటు గుడ్డు చిన్నది కాబట్టి సరిగ్గా దొర్లుతుందో లేదో రెండు గుడ్లు పెట్టి చూడు. 18వ రోజు మోటారు ఆపేసి, రోలర్లు తీసేసి గరుకు గుడ్డ పరచాలి, ఆ వీలుందో లేదో కూడా కొనేటప్పుడే చూస్కో.

కరెంటు పోతే ఎలా అని అడిగావు. చిన్న మిషన్ సగటున 40 వాట్లు తిన్నా 21 రోజులకి 20 యూనిట్లే, నీ ఇంటి ఇన్వర్టర్ మీద హాయిగా నడుస్తుంది, లేదంటే 12 వోల్టుల బ్యాటరీ కూడా పెట్టుకునేది చూడు. ఒక గంటో రెండు గంటలో పోయినా భయపడకు, దుప్పటి కప్పు, పెట్ట కూడా మేతకి లేచి పోతుంది కదా. కాకపోతే చివరి వారంలో గాలి రంధ్రాలు మాత్రం మూసెయ్యకు, లోపల పిల్లలు ఊపిరి పీల్చుకుంటుంటాయి.

థర్మకోల్ పెట్టె వేడి బాగా నిలుపుతుంది, ధర తక్కువ, అది నిజమే. కానీ ఒకసారి పిల్లలు లేచాక ఆ నూగు, రెట్ట, రసి థర్మకోల్‌లోకి ఇంకిపోయి కడిగినా పోదు, రెండోసారికి వాసనా క్రిములూ ఉంటాయి. గట్టి ప్లాస్టిక్ కొను. ఫ్యాన్, సెన్సార్, మోటారు పోతే మన ఎస్.పి. రోడ్డు ఎలక్ట్రానిక్స్ అంగళ్ళలో దొరికే సైజువేనా అని అడిగి కొను, చిన్నత్త అక్కడ చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఫ్యాన్ కొని తనే మార్చుకుంది.

గుడ్లు మాత్రం అంగట్లో తెల్ల గుడ్లు తేకు, ఫారంలో ఆ పెట్టలతో పుంజు ఉండదు, అవి ఎన్నాళ్ళు పెట్టినా పొదగవు. పది పెట్టలకి ఒక పుంజైనా ఉన్న ఇంట్లో తీసుకో, వారం లోపు పెట్టినవి, కడగనివి, ఫ్రిజ్‌లో పెట్టనివి. హొస్కోటె వైపు నుంచి బైక్ మీద తెస్తే సన్న కొస కిందకి పెట్టి ఒక రోజు కదపకుండా ఉంచు. ఏడో రోజు చీకటి గదిలో ఫోన్ టార్చ్ పెట్టి చూడు, సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల ఉన్నట్టు, ఏమీ లేకుండా తెల్లగా ఉంటే తీసెయ్, లేకపోతే మురిగిపోయి పెట్టెలో పగులుతుంది.

నువ్వు అడిగిన దానికి నా మాట 24 గుడ్లది. 56ది వద్దు, మొదటిసారి పన్నెండు గుడ్లే పెట్టు. పిల్లలు పెంకు పగలగొట్టేటప్పుడు మూత తియ్యొద్దు, ఎంత అరిచినా సరే, బయటికి రావడానికి ఒక్కోదానికి ఒక రోజు దాకా పడుతుంది, మూత తీస్తే పొర ఆరిపోయి అక్కడే ఇరుక్కుంటాయి. కడుపులో పచ్చసొన ఉంటుంది కాబట్టి ఒక రోజు మేత లేకపోయినా ఏం కాదు, నూగు ఆరాక తియ్యి, మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం, తర్వాత వారానికి మూడు డిగ్రీలు తగ్గించుకుంటూ పో. వారం లోపు రాణిఖేత్ అనే కోళ్ళ తెగులు రాకుండా టీకా చుక్కల మందు కంట్లో వేయించాలి, హెబ్బాళ వెటర్నరీ కాలేజీలోనో దగ్గర్లో పశువుల ఆసుపత్రిలోనో ముందే అడిగి పెట్టుకో.

ఈ ఆదివారం మిషన్ వస్తే గుడ్లు తేకుండానే ఇటు తీసుకురా. జ్వరం థర్మామీటర్ నా దగ్గరుంది, ఉప్పు ముద్ద శనివారం రాత్రే చేసి పెడతా, మీటర్ మాత్రం ముందురోజే పంపించు.

పెద్దమ్మ,
రామమూర్తి నగర్