వయసు మళ్ళిన గుర్రానికి ఇల్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ముసలి గుర్రాల గురించే. బరాత్‌లకు పనికిరావని పక్కన పెట్టినవి, మలక్‌పేట రేసుల్లో పరుగు తగ్గాక చేతులు మారినవి, జట్కాకు కట్టీ కట్టీ కాళ్లు పాడైనవి. వాటిని తెచ్చి సాకాలనుకునేవాళ్లు ఇంతమంది ఉండటం సంతోషం. అయితే దత్తతకు ముందు ఫోస్టర్ దశ, అంటే గుర్రాన్ని సొంతం చేసుకోకుండా కొన్నాళ్లు సాకి చూడటం, తప్పనిసరి. కనీసం మూడు నెలలు దగ్గర పెట్టుకుని చూస్తేగాని ఆ గుర్రానికి ఉన్న జబ్బులేమిటో, దాన్ని సాకే ఓపిక మీకు ఉందో లేదో తెలియదు.

ప్రశ్న: మా కాలనీలో బరాత్ గుర్రాలాయన ఒక ముసలి ఆడగుర్రాన్ని అమ్ముతానంటున్నాడు. ఎముకలు తేలి ఉంది. మేం కొనకపోతే ఎక్కడైనా వదిలేస్తాడట. డబ్బిచ్చి తెచ్చుకోవచ్చా? (నిజామాబాద్)

జవాబు: కొనకండి. మీ డబ్బుతో అతను ఇంకో గుర్రాన్ని తెస్తాడు, రెండేళ్లకు దానికీ ఇదే గతి పడుతుంది. డబ్బు తీసుకోకుండా స్వచ్ఛందంగా అప్పగిస్తున్నట్టు కాగితం రాయించుకోండి. అందులో యజమాని పేరు, గుర్రం రంగు, నుదుటి మీద, కాళ్ల మీద తెల్లమచ్చలు, సుడులు ఎక్కడెక్కడ ఉన్నాయో రాయాలి. ఇద్దరు సాక్షుల సంతకాలు, గుర్రం రెండు పక్కల ఫొటోలు జత చేయాలి. కాగితాన్ని మీ పేరున కాకుండా జంతు సంక్షేమ సంస్థ పేరున రాయించుకుని మీరు ఫోస్టర్‌గా తీసుకుంటే మేలు. రేపు మీకు వీలుకాకపోతే గుర్రం వెళ్లడానికి ఒక చోటు ఉంటుంది.

యజమాని కొడుతున్నా, పుండ్లతో పని చేయిస్తున్నా పోలీసులకు ఫిర్యాదు చేయండి. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలే. గుర్రం చచ్చేలా, పనికిరాకుండా పోయేలా చేస్తే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ వర్తిస్తుంది, అయిదేళ్ల దాకా శిక్ష ఉంది. కేసు నడుస్తున్నంత కాలం పశువును సంక్షేమ సంస్థ దగ్గరో గోశాలలోనో ఉంచి, ఖర్చు యజమానితో పెట్టించడానికి 2017లో వచ్చిన కేసు ప్రాపర్టీ జంతువుల నియమాలు వీలు కల్పిస్తున్నాయి. ఫిర్యాదులో ఆ నియమాలను పేరుపెట్టి ప్రస్తావించండి. లేకపోతే గుర్రం తిరిగి అదే యజమాని దగ్గరికి చేరే ప్రమాదం ఉంది.

ఒక్క మాట. ఇలాంటి యజమానులు చాలామంది పెళ్ళిళ్లు లేని నెలల్లో తమ ఇల్లే గడవక అవస్థ పడేవాళ్లు. ఆ మనిషిలో గుర్రం మీద ప్రేమ కనిపిస్తే రెండు నెలల గడ్డి, ఒకసారి డాక్టరు ఖర్చు మీరు పెట్టుకుని గుర్రాన్ని అక్కడే ఉంచడం కూడా సాయమే. ముసలి గుర్రానికి చోటు మారడం చాలా కష్టం.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి మా ఊరికి లారీలో తేవాలి. ఎలా? (సూర్యాపేట)

జవాబు: ముందుగా పశువైద్యుడి దగ్గర ప్రయాణానికి తగునన్న సర్టిఫికెట్ తీసుకోండి. నిలబడలేని గుర్రాన్ని ఎక్కించకూడదు. లారీ నేల జారకుండా కొబ్బరి పట్టాలు పరిచి, పైన గడ్డి వేయండి. 1978 రవాణా నియమాల ప్రకారం పక్కన కనీసం 8 సెంటీమీటర్ల లావు వెదురు బొంగులు, వెనక రెండు గట్టి అడ్డకర్రలు కట్టాలి. తల ఎడమవైపుకు, అంటే ఎదురొచ్చే వాహనాలకు దూరంగా ఉండాలి. వేగం గంటకు 35 కిలోమీటర్లు దాటకూడదు, తోడుగా ఒక మనిషి ఉండాలి. తలతాడు మరీ పొట్టిగా బిగించవద్దు. గుర్రం తల దించి దగ్గలేకపోతే దుమ్ము, కఫం ఊపిరితిత్తుల్లో దిగి రెండు మూడు రోజుల్లో జ్వరం వస్తుంది. దారిలో మూడు నాలుగు గంటలకోసారి ఆపి నీళ్లు పెట్టండి.

ప్రశ్న: ఫోస్టర్‌గా తెచ్చిన గుర్రం పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉంది. మా అత్తగారు ఉలవ గుగ్గిళ్లు, బెల్లం పెడితే నెలలో కోలుకుంటుందంటున్నారు. ఎంత పెట్టాలి? (జనగామ)

జవాబు: ఇప్పుడు రెండూ పెట్టవద్దు. మీ అత్తగారి మాట ఒళ్లున్న గుర్రానికి సరిపోతుంది, ఆకలితో మాడిన గుర్రానికి ప్రాణాంతకం.

వారాల తరబడి తిండిలేని గుర్రం తన కొవ్వును, కండను కరిగించుకుని బతుకుతుంటుంది. అలాంటి ఒంట్లోకి ఒక్కసారిగా పిండిపదార్థం, తీపి చేరితే ఇన్సులిన్ ఎగుస్తుంది. రక్తంలో మిగిలిన కాస్త ఫాస్ఫరస్, మెగ్నీషియం, పొటాషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె లయ తప్పుతుంది, ఊపిరి ఆడదు. తిండి పెట్టిన మూడో రోజు నుంచి అయిదో రోజు మధ్య, అంతా బాగుందనుకునే సమయంలోనే గుర్రం కుప్పకూలుతుంది.

ఈ దశలో అన్నిటికన్నా మంచి మేత లూసర్న్ (అల్ఫాల్ఫా) అనే పశుగ్రాసం. పిండిపదార్థం తక్కువ, మాంసకృత్తులు, మెగ్నీషియం, ఫాస్ఫరస్ ఎక్కువ. మొదటి మూడు రోజులు రాత్రీ పగలూ నాలుగు గంటలకోసారి, రోజుకు ఆరుసార్లు పెట్టాలి. 450 కిలోల రేసుజాతి గుర్రానికి ఒక్కో పూట అర కిలో ఎండు లూసర్న్, మామూలుగా 300 కిలోలు తూగే బరాత్ గుర్రానికి 300 గ్రాములు చాలు. మన దగ్గర పచ్చి లూసర్నే ఎక్కువగా దొరుకుతుంది. అందులో అయిదింట నాలుగు వంతులు నీరే కాబట్టి 300 గ్రాముల ఎండుదానికి బదులు కిలోంబావు నుంచి కిలోన్నర పచ్చిది, ఒక పూట నీడన వాడ్చి, పెట్టండి. నాలుగో రోజు నుంచి పరిమాణం కొద్దికొద్దిగా పెంచుతూ పూటల సంఖ్య తగ్గించండి. ఆరో రోజుకు ఎనిమిది గంటలకోసారి, పెద్ద గుర్రానికి 2 కిలోలు, చిన్నదానికి కిలోంబావు ఎండు లూసర్న్ అందేలా చూడండి. పది రోజులు దాటాక తిన్నంత పెట్టవచ్చు. మధ్యలో కాళ్లు వణికినా, ఊపిరి వేగం పెరిగినా, తల వేలాడేసినా మేత ఆపి డాక్టరును పిలవండి. రెండు రాష్ట్రాల్లోనూ 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల వస్తుంది.

బరువు కొలవడానికి కాటా అక్కర్లేదు, టైలరు టేపు చాలు. ముంగాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిరుదు ఎముక మొన దాకా పొడవు సెంటీమీటర్లలో కొలవండి. చుట్టుకొలతను దానితోనే గుణించి, మళ్లీ పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. 160 చుట్టుకొలత, 145 పొడవు అయితే సుమారు 312 కిలోలు. ప్రతి పదిహేను రోజులకూ ఒకే మనిషి, ఒకే వేళ కొలిచి నోటుపుస్తకంలో రాయాలి. మళ్లీ ఒళ్లు చేయడానికి ఆరు నుంచి పది నెలలు పడుతుంది. తొందరపడవద్దు.

నెల దాటాక ఉలవలు మొదలుపెట్టవచ్చు. రాత్రంతా నానబెట్టి, మెత్తగా ఉడికించాలి. పచ్చి ఉలవల్లో మాంసకృత్తులను అరగనివ్వని పదార్థాలుంటాయి, ఉడికితే అవి పోతాయి. 300 కిలోల గుర్రానికి రోజుకు 200 గ్రాములతో మొదలుపెట్టి, వారం వారం పెంచుతూ కిలో దగ్గర ఆపండి. ఉప్పు రోజుకు 30 గ్రాములు వేయండి.

ఇంకో మూడు హెచ్చరికలు. గోధుమ పొట్టులోనూ తవుడులోనూ కాల్షియం కన్నా ఫాస్ఫరస్ ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది. అదే ప్రధాన దాణా అయితే దవడ ఎముకలు ఉబ్బి మొహం వాస్తుంది. పాడి రైతులు వేసే సూపర్ నేపియర్‌లోని ఆక్జలేట్లు కాల్షియాన్ని ఒంటబట్టనివ్వవు కాబట్టి దాన్నొక్కదాన్నే మేపినా అదే జబ్బు. ఇక కోళ్ల దాణా ఒక్క గుప్పెడు కూడా వేయవద్దు. కోళ్లకు మేలు చేసే మోనెన్సిన్, సాలినోమైసిన్ మందులు గుర్రం గుండె కండరాన్ని చంపేస్తాయి.

ప్రశ్న: పన్నెండేళ్లదని చెప్పి ఇచ్చారు. నమిలిన గడ్డిని ముద్దలుగా ఉమ్మేస్తోంది. (కర్నూలు)

జవాబు: పై వరుసలో ముందుపళ్ల చివరిదాన్ని చూడండి. దాని మీద నిలువు గాడి చిగురు దగ్గర పదేళ్లకు మొదలవుతుంది, పదిహేనుకు సగం దిగుతుంది, ఇరవైకి పంటి పొడవునా ఉంటుంది. ఇరవై అయిదుకు పై సగం చెరిగిపోతుంది. రెండు మూడేళ్ల తేడా ఉన్నా పన్నెండుకూ ఇరవైకీ తేడా ఇట్టే తెలుస్తుంది. రేసు గుర్రమైతే మైక్రోచిప్ ఉంటుంది, పుట్టిన వివరాలు పుణేలోని స్టడ్ బుక్ అథారిటీ రికార్డులతో సరిచూడవచ్చు.

ముద్దలు ఉమ్మడమంటే దవడ పళ్లు కత్తిలా పదునెక్కి బుగ్గను, నాలుకను కోస్తున్నాయనో, పన్ను ఊడిందనో అర్థం. డాక్టరు మత్తిచ్చి, నోరు తెరిచి ఉంచే పనిముట్టు పెట్టి పళ్లు అరగదీయాలి. ముసలి గుర్రానికి ఆరు నెలలకోసారి చూపించాలి. పళ్లు అరిగే పోయి ఉంటే రెండు సెంటీమీటర్ల లోపు ముక్కలుగా కోసిన గడ్డిని, లూసర్న్ గుళికలను గంటసేపు నానబెట్టి జావలా పెట్టండి. పళ్లు అరగదీయించకుండా మామూలు గడ్డే మేపుతూ పోతే పేగు బిగిసి కడుపునొప్పి వస్తుంది. వరిగడ్డి ఇలాంటి గుర్రానికి పనికిరాదు.

ప్రశ్న: ఇంట్లో ఇప్పటికే రెండు గుర్రాలున్నాయి. కొత్తదాన్ని కలిపి కట్టవచ్చా? (అనంతపురం)

జవాబు: 30 రోజులు వేరే పాకలో, వేరే బకెట్, వేరే బ్రష్‌తో ఉంచండి. ఆ లోపల గ్లాండర్స్ పరీక్షకు రక్తనమూనా పశుసంవర్ధక శాఖ ద్వారా హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపించండి. ఈ జబ్బు మనుషులకూ సోకుతుంది, గుర్రానికి వైద్యం చేయరు, పాజిటివ్ వస్తే చట్టప్రకారం చంపేస్తారు. ముక్కు నుంచి చిక్కటి చీమిడి, కాళ్ల మీద వరుసగా గడ్డలు కనిపిస్తే చేతికి తొడుగు లేకుండా తాకవద్దు.

బాగా తింటూనే చిక్కిపోతోంది, జ్వరం వచ్చిపోతోంది, కాళ్లకు, పొట్టకు నీరు చేరింది అంటే సర్రా అనే జబ్బును అనుమానించండి. జోరీగలు మోసే దీని పరాన్నజీవి రక్తపు స్మియర్‌లో (గాజుపలక మీద రక్తం పూసి చూసే పరీక్షలో) ఒక్కసారి కనపడకపోవచ్చు, జ్వరం ఉన్న పూట మళ్లీ తీయించండి. ధనుర్వాతం టీకా వేయించండి. కడుపులో పురుగులకు వేసే మందు (నట్టల మందు) మొదటి వారమే హడావుడిగా వేయవద్దు. లద్దె పరీక్ష చేయించి డాక్టరు చెప్పింది వాడండి. ఆవులు, గేదెలకు ఇచ్చే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ గుర్రానికి వాడకూడదు, సూది వేసిన చోట కండ కుళ్లే ప్రమాదం ఉంది.

ప్రశ్న: ఫోస్టర్ ఒప్పందంలో ఏం రాసుకోవాలి? (ఖమ్మం)

జవాబు: వంద రూపాయల స్టాంపు కాగితం చాలు, విషయం మాత్రం స్పష్టంగా ఉండాలి. గుర్రం సంస్థదే, మీది సంరక్షణ. మేత ఎవరిది, డాక్టరు ఖర్చు ఎవరిది, అర్ధరాత్రి కడుపునొప్పి వస్తే ఎంతవరకు సంస్థను అడగకుండా ఖర్చు పెట్టవచ్చు అన్నది అంకెల్లో రాయండి. గొడవలన్నీ ఈ చివరి విషయం దగ్గరే వస్తాయి. స్వారీ, బరాత్, షూటింగ్, ఈనించడం నిషేధమని రాయాలి. దత్తతయ్యాక కూడా అమ్మకూడదు, వద్దనుకుంటే సంస్థకే తిరిగివ్వాలన్న షరతు ఉండాలి. ఆ షరతు పెట్టని సంస్థ దగ్గర తీసుకోవద్దు.

ఖర్చు లెక్క ముందే వేసుకోండి. 300 కిలోల గుర్రానికి రోజుకు 6 కిలోల ఎండుమేత, నెలకు 180 కిలోలు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి డెక్కలు కోయించాలి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని పెద్దలు ఊరికే అనలేదు.

ప్రశ్న: మే నెలలో గుర్రం రొప్పుతోంది, ఒళ్లు మాత్రం పొడిగా ఉంది. (విశాఖపట్నం)

జవాబు: చెమట పట్టడం ఆగిపోయింది. తీరప్రాంతపు ఉక్కకు ఇది మామూలే. జ్వరం చూడండి. 38.5 డిగ్రీల సెల్సియస్ దాకా మామూలు, 40 దాటితే అత్యవసరం. నీడన నిలిపి, ఒళ్లంతా చన్నీళ్లు ఆపకుండా పోస్తూ ఫ్యాను పెట్టండి. తడి గోనె కప్పవద్దు, వేడి లోపలే నిలిచిపోతుంది. ఎండాకాలమంతా ఇలాగే ఉంటే ఆ గుర్రాన్ని పొడిగాలి ఉండే చోట ఇంకో ఫోస్టర్‌కు మార్చమని సంస్థను అడగండి. అందులో మీ తప్పేమీ లేదు. ఇసుక నేల మీద మేత వేయకండి, పేగుల్లో ఇసుక పేరుకుంటుంది. గుప్పెడు లద్దెను బకెట్ నీళ్లలో కలిపి కాసేపు ఉంచితే, ఇసుక ఉంటే అడుగుకు చేరి కనిపిస్తుంది.

ప్రశ్న: లేవలేని స్థితి వస్తే? (గుంటూరు)

జవాబు: లేపినా నిలబడలేక, మేత ముట్టక, నొప్పి మందుకూ తగ్గకపోతే డాక్టరు చేత శాంతంగా నిద్రపుచ్చడమే దయ. అందుకు పెంటోబార్బిటాల్ అనే మత్తుమందు వాడితే కళేబరాన్ని బావులకు దూరంగా లోతుగా పాతిపెట్టాలి. తిన్న కుక్కలు, రాబందులు చచ్చిపోతాయి. నొప్పికి డైక్లోఫెనాక్ అడగవద్దు. రాబందుల కోసమే 2006లో పశువులకు దాన్ని నిషేధించారు.

ప్రశ్న: పిల్లలు ఎక్కవచ్చా? తోడుకు ఇంకో గుర్రం కావాలా? (హైదరాబాద్)

జవాబు: ఆరు నెలలు ఎవరూ ఎక్కవద్దు. ఆ తర్వాత డాక్టరు కాళ్లు, వెన్ను చూసి సరేనంటే, దత్తత ఒప్పందం ఒప్పుకుంటే, జీనుతో కలిపి గుర్రం బరువులో పదో వంతు, అంటే 30 కిలోల లోపు పిల్లను, నడకలో, పావుగంట మాత్రమే ఎక్కించవచ్చు. తోడు తప్పకుండా ఉండాలి. ఇంకో గుర్రం లేకపోయినా గాడిదో మేకో చాలు, కానీ మేకల దాణా గుర్రానికి అందకుండా వేరే కట్టండి.