ఓడెక్కిన పెద్దతాత ఏమయ్యాడు?

ప్రశ్న: మా పెద్దతాత బతుకుదెరువుకు బొంబాయి పోయి ఓడలో చేరాడు. 1942 అక్టోబర్‌లో బొంబాయి నుంచే కార్డు రాశాడు, మళ్లీ జాడ లేదు. ఆయన ఫొటో, ఒక మనియార్డర్ కూపన్ ఉన్నాయి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో, ఢిల్లీ యుద్ధ స్మారకంలో పేరు లేదన్నారు. ఇంకెక్కడ వెతకాలి? – ఒక పాఠకుడు, మడికొండ

జవాబు: ఆ రెండు చోట్లా దొరకకపోవడంలో వింతేమీ లేదు. ఢిల్లీలో ఉన్నవి స్వాతంత్ర్యం తర్వాత చనిపోయినవారి పేర్లు. సరుకుల ఓడ ఖలాసీ సైనికుడి లెక్కలోకే రాడు, జిల్లా కార్యాలయంలో ఆయన ఫైలెక్కడిది? ముందు ఆయన నేవీ మనిషా, సరుకుల ఓడ మనిషా తేల్చండి. ఫొటోను భూతద్దంతో చూడండి. టోపీ నల్లపట్టీ మీద ‘హెచ్.ఎం.ఐ.ఎస్.’ అని ఉంటే రాయల్ ఇండియన్ నేవీ. యుద్ధకాలంలో పట్టీ మీద ఓడ పేరు వేసేవారు కాదు కనుక దాని కోసం చూడొద్దు. మామూలు బట్టల్లో ఉంటే, కూపన్‌లో పంపినవారి చోట షిప్పింగ్ కంపెనీ పేరుందేమో చూడండి.

లండన్‌లో సరుకుల ఓడలవాళ్ల కోసం కట్టిన టవర్ హిల్ స్మారకంలో వెతికి పేరు లేదని వదిలేసేవాళ్లే ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రంలో పోయిన మనవాళ్లు ‘బొంబాయి/చిట్టగాంగ్ 1939–1945 స్మారకం’ కింద ఉంటారు. నేవీవాళ్లు 400 పైచిలుకు, సరుకుల ఓడలవాళ్లు దాదాపు 6,000. యుద్ధంలో పోయినవారి సమాధులు, పేర్ల జాబితాలు చూసే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు.

అసలు తిప్పలు పేరుతోనే. ఇంటిపేరుతో వెతికితే సాధారణంగా ఏమీ రాదు. గుమాస్తాలు చెవికి తోచినట్టు రాసుకున్న పేర్లవి. కొమురయ్య అన్న పేరు ఇంగ్లిష్‌లో కె తోనైనా సి తోనైనా మొదలవ్వచ్చు, చివరి ‘అయ్య’ పూర్తిగా ఎగిరిపోవచ్చు. పేరులో మొదటి మూడు ఇంగ్లిష్ అక్షరాలే ఇచ్చి, స్మారకం పేరు, తేదీల హద్దు పెట్టి జల్లెడ పట్టండి. తండ్రి పేరు కలిస్తే ఆగి చూడండి. ఊరు వరంగల్ అనే ఉండాలని పట్టుబట్టొద్దు. హైదరాబాద్ అనో దక్కన్ అనో, ఆఖరికి బొంబాయి అనో ఉండొచ్చు.

మీ కార్డు మీది తపాలా ముద్ర తేదీ చాలా పని చేస్తుంది. ‘సిటీ ఆఫ్ కైరో’ అనే ఓడ బొంబాయి వదిలింది 1942 అక్టోబర్ 1న, దక్షిణ అట్లాంటిక్‌లో మునిగింది నవంబర్ 6న. అక్టోబర్ 1 తర్వాతి తేదీతో బొంబాయిలో కార్డు వేసిన మనిషి అందులో ఉండడు. ‘తిలావా’ అనే ఓడ అయితే నవంబర్ 20న బొంబాయిలో బయల్దేరి 23న జపాన్ జలాంతర్గామి దెబ్బకు మునిగింది, 280 మంది పోయారు. దాన్ని కొట్టిపారేయలేం. అలాగని అదేనని రాసేసుకోవద్దు, 1945లో యుద్ధం ముగిసేదాకా చూడండి.

ఇంకో చిక్కుంది. సరుకుల ఓడవాళ్లలో యుద్ధం వల్ల చనిపోయినవారినే కమిషన్ లెక్కలోకి తీసుకుంది. ఓడలో జ్వరంతో పోయినా ఆ జాబితాలోకి ఎక్కరు. అలాంటి మరణాలకు బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లోని బీటీ 334 రిజిస్టర్లు చూడాలి (బీటీ, నంబరు అక్కడి రికార్డుల వరసకు పెట్టిన గుర్తులు). ఓడ పేరు తెలిశాక బీటీ 389 కార్డుల్లో దాని రాకపోకలు, బీటీ 381లో సిబ్బంది ఒప్పందాలు, లాగ్‌బుక్కులు దొరుకుతాయి. బీటీ 381ని ఓడ అధికారిక నంబరు వరసలో పేర్చారు. ఓడల వివరాలుండే లాయిడ్స్ రిజిస్టర్ అనే పుస్తకంలో ఆ నంబరు చూసుకున్నాకే ఆర్కైవ్స్‌కు రాయండి. వెతికినందుకొక రుసుము, నకలుకు మరొకటి.

ప్రశ్న: కమిషన్ పేజీ ప్రింటు తీసిస్తే భూమి విరాసత్ అవుతుందా? – మరో పాఠకుడు, జనగామ

జవాబు: కాదు, అది మరణ ధ్రువపత్రం కాదు. ఏడేళ్లు జాడలేని మనిషి చనిపోయాడని కోర్టు అనుకోవచ్చు గానీ, ఏ రోజు పోయాడో అనుకోదు. వాటాల తగువులో ఆ తేదీయే ముఖ్యమైతే నిరూపించాల్సింది మీరే. కమిషన్ రికార్డు, ఆర్కైవ్స్ నకలు, పాత కార్డు సివిల్ కోర్టులో అక్కడ అక్కరకొస్తాయి.