వేలిముద్రలు చదువు తీరును చెబుతాయా?

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాడు. కార్పొరేట్ రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ ఎంపీసీ చేసి 1000కి 962 మార్కులు తెచ్చుకున్నాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో బీటెక్ సీఎస్‌ఈ మొదటి సంవత్సరం. మొదటి మిడ్‌లో (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) గణితంలో 30కి 9, సి ప్రోగ్రామింగ్‌లో 11 వచ్చాయి. తెలిసినవారి మాట మీద వేలిముద్రల పరీక్ష చేయించాం. వాడు ‘విజువల్ లెర్నర్’, అంటే చూసి నేర్చుకునే రకం అట, తరగతి పాఠం వాడికి ఎక్కదట. అందుకని వీడియో కోర్సు కొనమంటున్నారు. వీడియో కోర్సు మేలా, ట్యూషన్ మేలా? బ్రాంచి మార్చాలా?
– ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: మొదటి మిడ్ మార్కులు రాగానే ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. వీటన్నింటి అడుగున ఉండే భయం ఒక్కటే: ఇంటర్‌లో వచ్చిన మార్కులు నిజమైనవి కావేమో, పిల్లవాడిలో అసలు సత్తా లేదేమో అని. ఆ భయం అక్కరలేదు. రెండేళ్ల పాటు ఎప్పుడు లేవాలో, ఏ గంటలో ఏ సబ్జెక్టు చదవాలో, ఏ లెక్క ఎన్నిసార్లు చేయాలో మీ అబ్బాయికి మరొకరు నిర్ణయించారు. స్టడీ అవర్స్‌లో పక్కన లెక్చరర్ కూర్చున్నారు, వారాంతపు పరీక్షలో తప్పు పోతే మర్నాడే పిలిచి అడిగారు. ఇప్పుడు హాస్టల్ గదిలో సాయంత్రం ఐదు తర్వాత అడిగేవారు లేరు. తెలివి ఎక్కడికీ పోలేదు. తన చదువును తానే నడుపుకోవడం అతనికి ఇంతవరకు ఎవరూ నేర్పలేదు, అంతే.

ఇక ఆ పరీక్ష సంగతి. తల్లి కడుపులో ఉండగానే ఏర్పడే వేలి గీతలను బట్టి, పద్దెనిమిదేళ్ల కుర్రవాడు సి ప్రోగ్రామింగ్‌ను ఎలా నేర్చుకోవాలో చెప్పవచ్చనడానికి ఆధారం ఏదీ లేదు. ఇలాంటి పరీక్షలు 1983లో మనస్తత్వ శాస్త్రవేత్త హోవార్డ్ గార్డ్‌నర్ ప్రతిపాదించిన బహుముఖ ప్రజ్ఞల సిద్ధాంతం (తెలివి ఒక్కటి కాదు, పలు రకాలు అనేది) పేరు వాడుకుంటాయి. తన సిద్ధాంతమూ, ఒక్కొక్కరూ ఒక్కో తీరులోనే బాగా నేర్చుకుంటారనే ‘లెర్నింగ్ స్టైల్స్’ భావనా ఒకటి కావని గార్డ్‌నరే స్పష్టం చేశారు.

వేలిముద్రలను పక్కన పెట్టినా, లెర్నింగ్ స్టైల్స్ మీదే నాకు నమ్మకం తక్కువ. చూసి నేర్చుకునేవారు, విని నేర్చుకునేవారు, చదివి రాసి నేర్చుకునేవారు, చేసి నేర్చుకునేవారు అని నీల్ ఫ్లెమింగ్ వార్క్ ప్రశ్నావళిలో చేసిన విభజన కళాశాలల ఓరియెంటేషన్ తరగతుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. ఎవరి శైలికి తగినట్టు వారికి బోధిస్తే నిజంగానే ఎక్కువ నేర్చుకుంటారా అని హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటివరకు వచ్చిన పరిశోధనలను పరిశీలించి, ఆ మాటను నిలబెట్టే ఆధారం తగినంత లేదని 2008లో తేల్చారు. విద్యార్థికి ఇష్టమైన పద్ధతి ఉండవచ్చు, కానీ ఇష్టమైన పద్ధతిలోనే ఎక్కువ వస్తుందనుకోవడం పొరపాటు. ఇంజినీరింగ్ డ్రాయింగ్‌కు బొమ్మ ఎవరికైనా కావాలి, ప్రోగ్రాము ఎవరైనా టైప్ చేసి, ఎర్రర్ తెచ్చుకుని, దిద్దుకుంటేనే వస్తుంది. పద్ధతిని నిర్ణయించేది పాఠం. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ‘విజువల్ లెర్నర్’ అని వేసే ఆ ముద్ర. ‘నేను విజువల్’ అని ఒకసారి నమ్మిన కుర్రవాడికి పాఠ్యపుస్తకం తెరవకపోవడానికి అదే సాకు అవుతుంది.

చేయవలసినది చాలా సాదాగా ఉంటుంది, అందుకే దాన్ని ఎవరూ అమ్మరు. 2006లో రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు కొందరు విద్యార్థులతో ఒక పాఠాన్ని రెండుసార్లు చదివించారు, మరికొందరితో ఒకసారి చదివించి, గుర్తున్నది చూడకుండా రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినవారే మెరుగ్గా రాశారు. వారం తర్వాత చూస్తే వారికి 42 శాతం గుర్తుంది, చూడకుండా రాసినవారికి 56 శాతం గుర్తుంది. మిడ్‌కు ముందు రాత్రి ఆల్ ఇన్ వన్ తిరగేసి, అంతా వచ్చేసినట్టే అనిపించి, హాలులో చేయి ఆగిపోవడానికి కారణం ఇక్కడే ఉంది.

కాబట్టి ఆ రోజు జరిగిన పాఠాన్ని ఆ సాయంత్రమే పుస్తకం మూసి ఒక పేజీలో రాయమనండి. రానిది ఏదో అప్పుడే తెలుస్తుంది. రెండు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత మరొకసారి అలాగే రాయాలి. గణితంలో ఐగెన్ విలువల వంటి ఒకే అధ్యాయం లెక్కలన్నీ ఒకేసారి కాకుండా, పాత అధ్యాయాల లెక్కలతో కలిపి చేయాలి. వచ్చినది తెలుగు మాధ్యమం నుంచి కనుక, రూమ్మేట్‌కు ముందు తెలుగులో వివరించి, తర్వాత అదే విషయాన్ని ఇంగ్లిషులో రాయడం అతనికి మరీ అవసరం. అర్థం కాకుండా ఇంగ్లిషు వాక్యాలను కంఠస్థం చేసే అలవాటు మొదటి సంవత్సరంలోనే పోవాలి.

మీకూ ఒక మాట చెప్పాలి, నొచ్చుకోకండి. మార్కులు తగ్గాయని తెలియగానే మీరు అబ్బాయితో మాట్లాడే ముందే పరీక్ష చేసేవారి దగ్గరకు వెళ్లారు. ఉత్తరంలో ఆ నివేదిక ఏమన్నదో ఉంది, అతను ఏమన్నాడో ఒక్క వాక్యం కూడా లేదు. రెండేళ్లు అతని బదులు మరొకరు నిర్ణయించారు, ఇప్పుడు మీరు మళ్లీ అలాంటి మరొకరినే వెతుకుతున్నారు. ఫోనులో రోజూ మార్కుల ఊసు ఎత్తకుండా, ఇవాళ ఏది అర్థం కాలేదో అడిగి, చెప్పింది వినండి.

వీడియోనా, ట్యూషనా అన్నదానికి చిన్న జవాబే ఉంది. వీడియోను మధ్యలో ఆపి, వెనక్కి తిప్పుకోవచ్చు, ట్యూషన్‌లో సందేహం అడగవచ్చు. రెండింటిలోనూ కుర్రవాడు చూస్తూ కూర్చుంటే వచ్చేదేమీ ఉండదు. వీడియోలే కావాలంటే ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ అధ్యాపకుల పాఠాలు ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ వేదికలో ఉచితంగా చూడవచ్చు, వాటి కోసం అప్పు చేయవద్దు. గణితంలో మరీ వెనకబడితే కళాశాలలోని అధ్యాపకుడినే ముందు కలవమనండి, చాలామంది అడిగితే కాదనరు. బ్రాంచి మాట ఇప్పుడు ఎత్తవద్దు. పైన చెప్పినట్టు రెండో మిడ్ వరకు చదివాక, గణితం కుదుటపడి ప్రోగ్రామింగ్ ఒక్కటే ఎక్కకపోతే, అప్పుడు అబ్బాయినే నాకు రాయమనండి.