లెక్కలంటే భయంతో ఇంటర్వ్యూల వైపు వెళ్లకండి

ప్రశ్న: నేను జర్నలిజం డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారు, అపార్థాలు ఎక్కడ మొదలవుతాయి అనే విషయాలంటే నాకు చాలా ఆసక్తి. పీజీలో కమ్యూనికేషన్ రీసెర్చ్ తీసుకుందామనుకుంటున్నాను. కానీ స్టాటిస్టిక్స్ పేరు వింటేనే టెన్షన్. ఇంటర్వ్యూలు, పరిశీలన లాంటి గుణాత్మక పద్ధతులు మాత్రమే నేర్చుకుంటే సరిపోతుందా? ఉద్యోగాలు ఉంటాయా? ఇప్పటి నుంచే ఏం చేయాలి? - ఒక విద్యార్థిని

జవాబు: మీరు ఎంచుకున్న రంగం బాగుంది. ఎంచుకుంటున్న కారణమే బాగాలేదు. గుణాత్మక పద్ధతుల వైపు వెళ్లడానికి మంచి కారణాలు చాలా ఉన్నాయి, లెక్కలు తప్పించుకోవచ్చన్నది మాత్రం వాటిలో లేదు. నన్ను సలహా అడిగేవాళ్లలో ఈ ఆలోచనతో వచ్చేవాళ్లే ఎక్కువ. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మన మాటల ప్రభావంలో పదాల వాటా 7 శాతమేనని, స్వరానిది 38, ముఖకవళికలది 55 అని వ్యక్తిత్వ వికాస తరగతుల్లో చెబుతుంటారు. మీరూ వినే ఉంటారు. ఈ అంకెలకు మూలం 1967లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్, ఆయన సహచరులు ప్రచురించిన రెండు ప్రయోగాలు. ఒకదానిలో విడివిడి పదాలను రకరకాల స్వరాల్లో వినిపించారు. రెండోదానిలో ‘మేబీ’ (బహుశా) అనే ఒక్క ఇంగ్లిష్ పదాన్ని వేర్వేరు స్వరాల్లో వినిపిస్తూ ముఖాల ఫొటోలు చూపించారు. మాట్లాడే మనిషికి ఎదుటివారంటే ఇష్టమా, అయిష్టమా అన్నది ఊహించమన్నారు. ఈ రెండు ఫలితాలనూ కలిపి వేసిన సూత్రమే అది. ఇష్టాయిష్టాలు తెలిపే సందర్భాలకే ఇది వర్తిస్తుందని మెహ్రాబియనే స్పష్టం చేశారు. అయినా అది ఆగలేదు. (ఫోన్‌లో ఎవరైనా దారి చెబితే మనకు 7 శాతమే అర్థమవుతుందా?) ఆ అంకెను నిలదీయడానికి పెద్ద గణితం అక్కర్లేదు. ఎవరిని అడిగారు, ఏం వినిపించారు, దేన్ని కొలిచారు అని అడగడం వస్తే చాలు. పరిశోధనా పద్ధతుల కోర్సులో ముందుగా అబ్బాల్సింది ఆ అలవాటే.

ఇక మీకు నచ్చిన గుణాత్మక పద్ధతుల సంగతి. 1960లలో హార్వీ శాక్స్ అనే సామాజిక శాస్త్రవేత్త, మానసిక సంక్షోభంలో ఉన్నవాళ్లు సహాయం కోసం చేసిన ఫోన్ కాల్స్ రికార్డింగులు విన్నాడు. ఫోన్ ఎత్తిన ఉద్యోగి తన పేరు చెబితే అవతలివాళ్లు కూడా మామూలుగా తమ పేరు చెప్పేవారు. ఒక కాల్‌లో మాత్రం అవతలి మనిషి ‘మీ మాట వినిపించడం లేదు’ అన్నాడు. ఉద్యోగి మళ్లీ పేరు చెప్పాడు. అవతలి మనిషి ఆ పేరునే తిరిగి పలికాడు. అంతలో తన పేరు చెప్పాల్సిన చోటు దాటిపోయింది. వినపడలేదనడం పేరు చెప్పకుండా తప్పించుకునే దారి కూడా కావచ్చని శాక్స్ గమనించాడు. సంభాషణ విశ్లేషణ అనే పద్ధతి ఇలాంటి గమనింపుల నుంచే పుట్టింది. శాక్స్, ఇమాన్యుయెల్ షెగ్లాఫ్, గెయిల్ జెఫర్సన్ కలిసి, మాటల్లో వంతులు ఎలా మారతాయో వివరిస్తూ 1974లో రాసిన వ్యాసాన్ని ఈ రంగంలో ఇప్పటికీ చదివిస్తారు.

చదవడానికి ఇదంతా ఆసక్తిగానే ఉంటుంది. పని మాత్రం ఓపికను పిండేస్తుంది. జెఫర్సన్ రూపొందించిన పద్ధతిలో సంభాషణను రాయాలంటే ఇద్దరి మాటలు ఎక్కడ ఒకదానిమీద ఒకటి పడ్డాయి, ఎవరు ఎన్ని సెకన్లు ఆగారు, ఏ అక్షరాన్ని సాగదీశారు అన్నీ గుర్తించాలి. మౌనాన్ని సెకనులో పదో వంతు దాకా కొలుస్తారు. సంఖ్యల నుంచి పారిపోయి వచ్చినవాళ్లకు ఇక్కడా స్టాప్‌వాచే చేతికొస్తుంది.

తర్వాతి మెట్టు కోడింగ్. ప్రోగ్రామింగ్ కాదు, సమాచారాన్ని వర్గాలుగా విడదీయడం. ఒక సంస్థకు వచ్చిన 100 సందేశాలను మీరూ మీ స్నేహితురాలూ విడివిడిగా చదివి, ఒక్కోటి ఫిర్యాదా కాదా అని గుర్తు పెట్టారనుకుందాం. 90 సందేశాల విషయంలో ఇద్దరి మాటా కలిసింది. బ్రహ్మాండం అనిపిస్తుంది. కానీ ఇద్దరూ చెరో 90 సందేశాలను ఫిర్యాదులే అని గుర్తించి ఉంటే, చదవకుండా అదే నిష్పత్తిలో గుడ్డిగా గుర్తులు పెట్టినా 82 దాకా కలుస్తాయి. ఆ యాదృచ్ఛిక 82ని తీసేస్తే మిగిలేవి 18, వాటిలో మీరు నిజంగా సాధించింది 8. అంటే పూర్తి ఏకాభిప్రాయం 1 అనుకుంటే మీది దాదాపు 0.44. జేకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించిన కప్పా అనే కొలత చేసే పని ఇదే. ఇంత తక్కువ వస్తే వర్గాల నిర్వచనాలు తిరగరాసుకోవాల్సిందే. కూడికలు, తీసివేతలు, గుణకారాలు, ఒక భాగహారం తప్ప ఇందులో ఏమీ లేదు.

సర్వేలను కూడా మీరు భయపడే దృష్టితో చూడొద్దు, అక్కడ కష్టమంతా ప్రశ్న రాయడంలోనే ఉంటుంది. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా చేసే ప్రసంగాలను నిషేధించాలా అని అమెరికాలో కొందరిని, అనుమతించాలా అని అలాంటి మరికొందరిని అడిగారు. నిషేధించాలన్నవాళ్లు 46 శాతమే, అనుమతించకూడదన్నవాళ్లు 62 శాతం. డొనాల్డ్ రగ్ 1941లో ప్రచురించిన ఈ ఫలితం భాష మీద ఆసక్తి ఉన్న మీలాంటివాళ్లకు బాగా పనికొస్తుంది. శాంపిల్, అంటే మనం ప్రశ్నలు అడిగే మనుషుల గుంపు విషయానికొస్తే, 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక 20 లక్షలకు పైగా జవాబులు సేకరించి మరీ ఆల్ఫ్ లాండన్ అనే అభ్యర్థి గెలుస్తాడంది. 48 రాష్ట్రాల్లో 46 ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్‌కు వెళ్లాయి. జవాబులు ఎన్ని వచ్చాయన్నదాని కన్నా ఎవరి నుంచి వచ్చాయన్నది ముఖ్యం. యాదృచ్ఛికంగా ఎంచుకుంటే 1,000 మందితోనే సుమారు 3 శాతం అటూ ఇటూ తేడాతో అంచనా వేయొచ్చు.

పీజీ స్థాయికి శాంపిలింగ్, సగటు, విచలనం (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో), కై-స్క్వేర్ (రెండు వర్గీకరణల మధ్య సంబంధం ఉందా అని చూసే పరీక్ష), సహసంబంధం (రెండు అంశాలు కలిసి ఎంత మారతాయో) తెలిసి, రిగ్రెషన్ (కొన్ని అంశాలను బట్టి మరో అంశాన్ని అంచనా వేసే పద్ధతి) పట్టికను చదివి అర్థం చేసుకోగలిగితే చాలు. రోజూ కాసేపు కూర్చుంటే ఒక సెమిస్టర్‌లో వచ్చేస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టకండి. గణాంకాలకు ఆర్, జమోవి, శబ్ద విశ్లేషణకు ప్రాట్, వీడియోకు ఈలాన్ అన్నీ ఉచితమే.

ఉద్యోగాల గురించి ఉన్నమాట చెబుతాను. ‘కమ్యూనికేషన్ పరిశోధకులు కావలెను’ అనే ప్రకటనలు అరుదు. పని మాత్రం వేరే పేర్లతో దొరుకుతుంది: యూఎక్స్ రీసెర్చ్ (యాప్‌లు, వెబ్‌సైట్లు వాడేవాళ్ల అనుభవం మీద అధ్యయనం), మార్కెట్ రీసెర్చ్, ప్రేక్షకుల అధ్యయనం, ఆరోగ్య ప్రచారాల మూల్యాంకనం, చాట్‌బాట్‌ల సంభాషణ రూపకల్పన. వీటిలో చాలాచోట్ల పొద్దున ఇంటర్వ్యూ చేసిన మనిషే సాయంత్రం సర్వే పట్టిక కూడా చూడాల్సి వస్తుంది. ఒక్క పద్ధతే తెలిసినవాళ్లకు అవకాశాలు తగ్గేది అందుకే. అధ్యాపక వృత్తి అయితే పీహెచ్‌డీ దాకా వెళ్లాలి, దానికి ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు చేయాల్సిన పని ఒకటుంది. ఇద్దరు స్నేహితుల అనుమతి ముందే తీసుకుని వాళ్ల మామూలు సంభాషణ రికార్డు చేయండి. అందులో ఐదు నిమిషాలు ఆగిన చోట్లతో సహా రాయండి. పేర్లు మార్చండి. గొంతును బట్టి కూడా మనిషిని గుర్తుపట్టొచ్చు కాబట్టి ఆ ఫైల్ ఎవరికీ పంపకండి. రాసిన తర్వాత ఎవరు ఎవరి మాటకు అడ్డొచ్చారో, ఆ తర్వాత ఏమైందో చూడండి. ఆ ఐదు నిమిషాలు రాయడమే విసుగనిపిస్తే ఈ రంగం గురించి మళ్లీ ఆలోచించుకోవచ్చు. రాత్రి ఎంతైందో కూడా తెలియకుండా రాస్తూ కూర్చుంటే, దరఖాస్తులు మొదలుపెట్టండి.

కోర్సు ఎంచుకునేటప్పుడు బ్రోచర్ కన్నా ఆ శాఖలో ఇటీవల వచ్చిన పీజీ థీసిస్‌లు ఒకటి రెండు అడిగి చూడండి. పద్ధతుల అధ్యాయంలో ఎవరిని ఎలా ఎంచుకున్నారో, ఏ ప్రశ్నలు అడిగారో, ఎవరు జవాబివ్వలేదో రాసి ఉంటే అక్కడ చేరొచ్చు. ‘ప్రశ్నావళి ద్వారా సమాచారం సేకరించడమైనది’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టి ఉంటే మరోచోట చూసుకోండి.