హ్యూమ్, బుద్ధుడు ‘నేను’ గురించి చెప్పింది ఒకటేనా?

‘నేను అనేది భ్రమ అని బుద్ధుడూ అన్నాడు, పద్దెనిమిదో శతాబ్దపు స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమూ అన్నాడు. ఇక తేడా ఏముంది?’ అని అడిగారు. తేడా చాలానే ఉంది. ఇద్దరూ వెతికిన చోటు ఒకటే, ఎందుకు వెతికారన్నదే వేరు.

1739లో వచ్చిన ‘ఎ ట్రీటిస్ ఆఫ్ హ్యూమన్ నేచర్’లో హ్యూమ్ అనేది ఇది: నాలోకి ఎంత తొంగి చూసుకున్నా వేడో చలో, ప్రేమో ద్వేషమో, నొప్పో సుఖమో తగులుతుంది తప్ప, ఇవేవీ కాని ‘నేను’ విడిగా దొరకదు. ఎం.ఏ.లో చదివినప్పుడు ఇది తెలివైన వాదన అనిపించింది, అంతే. తర్వాతెప్పుడో నాగార్జునసాగర్‌లో విపశ్యన అనే బౌద్ధ ధ్యాన కోర్సుకి వెళ్లాను. గంటసేపు కదలకుండా కూర్చోవాలి. ఎడమ మోకాలు భగ్గుమంటోంది. ‘నా మోకాలు పోయేలా ఉంది’ అనుకున్నంతసేపూ ఒకటే టెన్షన్. వాళ్లు చెప్పినట్టు దాన్నే గమనిస్తూ పోతే కాస్త మంట, నరం లాగినట్టు, లోపల ఏదో కొట్టుకుంటున్నట్టు, వీటి పక్కనే ‘గంట ఎప్పుడు కొడతారో’ అన్న ఆలోచన. ఒకటి వస్తోంది, ఇంకొకటి పోతోంది. హ్యూమ్ రాసింది నాలో జరుగుతోంది.

పోలిక అక్కడివరకే. హ్యూమ్‌ది జ్ఞానానికి సంబంధించిన ప్రశ్న: ‘నేను’ అన్న భావన మనసులో ఎలా పుట్టింది? అనుభవాల మధ్య పోలికనూ కార్యకారణాలనూ పట్టుకుని ఊహ అల్లిందే అన్నాడు. ఆ వివరణ తనకే తృప్తినివ్వలేదని 1740లో అనుబంధంలో ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీకి దండం పెట్టాలి. కానీ అదే గ్రంథంలో గర్వం గురించి రాసేటప్పుడు ‘నేను’ను మామూలుగానే వాడుకుంటాడు. తగుమాత్రం గర్వం మనిషికి మేలే అంటాడు కూడా.

బుద్ధుడి దృష్టి దుఃఖం మీద. సారనాథ్‌లో ఐదుగురు శిష్యులకు చెప్పిన అనాత్మ బోధలో మనిషిలోని ఐదింటిని, అంటే రూపం (శరీరం), వేదన (అనుభూతి), సంజ్ఞ (గుర్తుపట్టడం), సంస్కారాలు (మనసులోని సంకల్పాలు), విజ్ఞానం (ఎరుక), ఒక్కొక్కటే తీసుకుని ‘ఇది నాది కాదు, ఇది నేను కాదు, ఇది నా ఆత్మ కాదు’ అని చూడమంటాడు. ‘ఆత్మ ఉందా, లేదా?’ అని వచ్ఛగోత్తుడనే పరివ్రాజకుడు సూటిగా అడిగితే మాత్రం దేనికీ జవాబివ్వలేదు. అందుకే ‘ఆత్మ లేదన్నాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు నచ్చదు.

హ్యూమ్‌లో నాకు కనిపించనిది ఖేమక సుత్తం అనే పాలి బౌద్ధ పాఠంలో ఉంది. జబ్బుతో ఉన్న ఖేమకుడనే భిక్షువు, ఈ ఐదింటిలో దేన్నీ ‘ఇది నేను’ అనుకోవడం లేదు, అయినా ‘ఉన్నాను’ అన్న భావం నాలో పోలేదు అంటాడు. చాకలి చవుడు, పేడ పెట్టి ఉతికి తెచ్చిన బట్టకు మురికి పోయినా వాటి వాసన కొంత మిగులుతుంది, ఇదీ అలాంటిదే అంటాడు. వాదన ఒప్పుకున్నంతలో అహం పోదని ఖేమకుడికి తెలుసు. గర్వాన్ని హ్యూమ్ తగుమాత్రంగా ఉంచుకోమంటే, బౌద్ధం దాన్ని ‘మానం’ అని మనిషిని సంసారానికి కట్టేసే సంకెళ్లలో చేర్చింది, అదీ అర్హతుడు (పూర్తిగా విముక్తి పొందినవాడు) అయ్యేదాకా తెగని వాటిలో.

చదవాలనుకుంటే ట్రీటిస్ మొదటి పుస్తకం నాలుగో భాగంలో ఆరో ప్రకరణం చాలు. దాని తర్వాత సారనాథ్ బోధ, ఆపైన ఖేమక సుత్తం. మూడూ చిన్నవే, తొందరపడకుండా చదవండి.