అన్నయ్య పెళ్లిచూపుల్లో ఓ మాట దాచాను... ఇంటర్‌ప్రెటర్‌గా పనికొస్తానా?

ప్రశ్న: మేడమ్, నాకు 21 ఏళ్లు. మాది ఖమ్మం దగ్గర ఒక ఊరు. మా అన్నయ్యకు పుట్టుకతోనే వినపడదు. చిన్నప్పటి నుంచి ఇంట్లో తన మాటలు అందరికీ, అందరి మాటలు తనకూ చెప్పేది నేనే. ఆ ఇష్టంతోనే డిగ్రీ అయ్యాక సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్ డిప్లొమాలో చేరాను. ఇప్పుడు మొదటి ఏడాది. ఈమధ్య అన్నయ్యకు పెళ్లిచూపులు అయ్యాయి. అమ్మాయికీ వినపడదు. ఇద్దరూ ఇష్టపడ్డారు. అందరిలో మా పెదనాన్న ‘రేపు వీళ్లకు పుట్టే పిల్లలూ ఇలాగే ఉంటే ఎవరు చూస్తారు?’ అని గట్టిగానే అన్నారు. ఏమంటున్నారని అన్నయ్య అడిగితే, నీ ఉద్యోగం గురించి అడుగుతున్నారని చెప్పాను. అమ్మాయి తమ్ముడికి సైన్ వచ్చు. అతని ద్వారా అసలు సంగతి తెలిసింది. అప్పటి నుంచి అన్నయ్య నాతో మాట్లాడటం లేదు. ‘ఇన్నేళ్లలో ఇంకెన్ని దాచావో’ అన్నాడు. వచ్చే నెల నిశ్చితార్థం. అక్కడా నువ్వే చెప్పాలని అమ్మ అంటోంది. నాన్నేమో ‘అన్న కోసం నేర్చుకున్నది చాలు, అది మానేసి బీఈడీ చెయ్యి’ అంటున్నారు. నేను ఈ వృత్తికి పనికిరానా?

జవాబు: పనికొస్తారా, రారా అన్నది ఆ ఒక్క రోజును చూసి తేల్చేది కాదు. నిజానికి ఆ రోజు మీరు ఇంటర్‌ప్రెటర్ కానే కాదు. పెళ్లికొడుకు చెల్లెలు, పెదనాన్నకు కూతురి వరస, వచ్చే వదినకు ఆడపడుచు. ఇన్ని వరసలు మెడలో వేసుకుని కూర్చున్న మనిషి ఆ మాటను ఉన్నదున్నట్టు చెప్పగలగడం చాలా కష్టం. మీ కోర్సులో వృత్తి నియమాల పాఠం వచ్చినప్పుడు చూడండి. ఎవరు ఏమంటే అది ఉన్నదున్నట్టు చెప్పాలి, కలపకూడదు, తీసేయకూడదు, విన్నది బయట చెప్పకూడదు, ఎవరి పక్షమూ వహించకూడదు. వాటితో పాటే, సొంతవాళ్ల వ్యవహారాల్లో ఆ పని ఒప్పుకోవద్దనీ చెబుతారు. అది ఎందుకో మీకు పుస్తకం తెరవకముందే తెలిసింది.

అలాగని మీ అన్నయ్య కోపం తప్పని కాదు. ఆయన వైపు నుంచి ఆ గది ఎలా కనిపించిందో ఒక్కసారి ఊహించుకోండి. పెదనాన్న చెయ్యి ఊపుతూ కాసేపు మాట్లాడారు. అమ్మాయి తల్లి తల దించుకుంది. మీ నాన్న ముఖం మాడిపోయి ఉంటుంది. మీ చేతులేమో ‘ఉద్యోగం’ అని చిన్న సైగ చేసి ఊరుకున్నాయి. పుట్టినప్పటి నుంచి ముఖాలు చదువుతూ పెరిగిన మనిషికి ఆ తేడా పట్టుబడదా? ఏదో దాచారని ఆయనకు అక్కడే తెలిసి ఉంటుంది. అదేమిటో తెలుసుకునే దారి మాత్రం లేదు. పైగా అది కాబోయే బావమరిది నోట తెలియడం ఎంత చిన్నతనంగా అనిపించి ఉంటుంది!

‘ఇంకెన్ని దాచావో’ అన్నారు చూశారా, గాయం అక్కడుంది. వినపడనివారు ఉన్న ఇళ్లలో తరచూ జరిగేదే ఇది. భోజనాల దగ్గర అందరూ పగలబడి నవ్వుతారు. ఏంటని అడిగితే ‘ఏం లేదులే, తర్వాత చెప్తాం’ అంటారు. ఆ ‘తర్వాత’ ఎప్పటికీ రాదు. బాధపడతాడని కొన్ని, ఓపిక లేక కొన్ని వదిలేస్తాం. మీరూ వదిలేసే ఉంటారు. కాబట్టి ‘ఇంకేమీ దాచలేదు’ అని ఒట్లు పెట్టకండి. గుర్తున్నవి చెప్పండి.

క్షమాపణ వాట్సాప్‌లో వద్దు. అమ్మానాన్నలు లేనప్పుడు, వెలుతురు బాగా ఉన్నచోట ఎదురెదురుగా కూర్చుని సైన్‌లోనే చెప్పండి. పెదనాన్న అన్నది మొత్తం, ఆ గొంతులోని దురుసుతో సహా చెప్పండి. ‘నీ మంచికే దాచాను’ అనే మాట మాత్రం రానివ్వకండి. అదే ఆయనకు అన్నిటికన్నా ఎక్కువ మండే మాట. ఆయన తిట్టినా మధ్యలో అడ్డు తగలకండి.

పెదనాన్న ప్రశ్నకు జవాబు లేకపోలేదు. వినపడని పిల్లల్లో ఎక్కువమంది పుట్టేది వినికిడి ఉన్న తల్లిదండ్రులకే, మీ ఇంట్లోనే చూడండి. పుట్టబోయే పిల్లల సంగతి ఇద్దరిలో వినికిడి లోపానికి కారణాలేమిటన్న దాన్ని బట్టి ఉంటుంది. కావాలనుకుంటే ఆ జంట జెనెటిక్ కౌన్సెలింగ్‌కు, అంటే వంశపారంపర్యంగా వచ్చే లోపాలపై నిపుణుల సలహాకు వెళ్లొచ్చు. వెళ్లాలా, వద్దా, పిల్లల్ని కనాలా అన్నది వాళ్లిద్దరి ఇష్టం. మీరు ఆ రోజు చెప్పి ఉంటే ఈ జవాబేదో పెదనాన్నకు మీ అన్నయ్యే ఇచ్చేవారేమో. ఇప్పుడైనా ఇవ్వాలనుకుంటే ఇవ్వనివ్వండి, కానీ ఆ మాటలు చేరవేయడానికి బయటి ఇంటర్‌ప్రెటర్ ఉండాలి.

ఇక నిశ్చితార్థం. అమ్మతో గట్టిగానే చెప్పండి, ‘ఆ రోజు నేను ఆడపడుచుని’ అని. పళ్లేలు పట్టుకున్న చేతులతో సైన్ ఎలా చేస్తారు? మీ టీచర్లను అడిగితే అనుభవం ఉన్న ఇంటర్‌ప్రెటర్లను చూపిస్తారు. పెళ్లికొడుకూ, పెళ్లికూతురూ ఇద్దరూ బధిరులే కాబట్టి ఎవరిని పిలవాలో వాళ్లనే అడగండి. ఫీజు ఇరువైపులవాళ్లూ పంచుకోవచ్చు. ఫోటోగ్రాఫర్‌కు బేరమాడకుండా ఇచ్చేవాళ్లు ఇక్కడ ఉచితంగా చేయమనడం బాగోదు. కార్యక్రమం గంటలకొద్దీ సాగేదైతే ఇద్దరిని పిలవండి, సుమారు ఇరవై నిమిషాలకొకసారి మారుతుంటారు. మాట్లాడేవారి పక్కన ఇంటర్‌ప్రెటర్ నిలబడితే జంటకు ఇద్దరూ ఒకేసారి కనిపిస్తారు. పంతులుగారి మంత్రాల సంగతి ఎలాగన్న బెంగ వద్దు, వినపడేవాళ్లకు మాత్రం ఏం అర్థమవుతున్నాయి గనక!

అమ్మకు ఇంకో పని కూడా చెప్పండి. ‘తిన్నావా’, ‘పడుకో’, ‘డబ్బులున్నాయా’ లాంటి ఇంటి సైగలతో ఇన్నాళ్లు నెట్టుకొచ్చారు. రేపు ఇంట్లో కొడుకూ కోడలూ హాయిగా కబుర్లు చెప్పుకుంటుంటే అర్థంకాక కూర్చోవలసింది ఆవిడే. ఢిల్లీలోని భారతీయ సైన్ లాంగ్వేజ్ పరిశోధన, శిక్షణ కేంద్రం (ఐఎస్‌ఎల్‌ఆర్‌టీసీ) 2021లో విడుదల చేసిన సైన్ నిఘంటువులో పది వేల పదాలకు వీడియోలున్నాయి, యూట్యూబ్‌లో ఉచితంగా చూడొచ్చు. కేంద్ర ప్రభుత్వ విద్యా టీవీ చానళ్లు పీఎం ఈ-విద్యలో సైన్ లాంగ్వేజ్ కోసం 31వ చానల్ 2024 డిసెంబరులో మొదలైంది. నేర్పే బాధ్యత మీరు నెత్తినేసుకోకండి, అన్నయ్యకే ఇవ్వండి.

నాన్నగారి మాట కొట్టిపారేయలేను. ఈ రంగంలో పర్మనెంట్ ఉద్యోగాలు తక్కువ, చాలామంది పనిని బట్టి ఫీజు తీసుకునేవాళ్లే. మొదటి రెండు మూడేళ్లు ఆదాయం నిలకడగా ఉండకపోవచ్చు. కానీ మీది ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తింపు ఉన్న డిప్లొమానే అయితే, పాసయ్యాక అర్హులైన నిపుణుల జాబితా అయిన కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవచ్చు. మాట్లాడలేని సాక్షి వాంగ్మూలం తీసుకునేటప్పుడు కోర్టు ఇంటర్‌ప్రెటర్ సాయం తీసుకోవాలని చట్టం చెబుతోంది. పిల్లలపై లైంగిక నేరాల (పోక్సో) కేసుల్లో పిల్లలకూ ఆ వెసులుబాటు ఉంది. 2023లో సారా సన్నీ అనే బధిర న్యాయవాది సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్ సాయంతోనే హాజరయ్యారు. ఇవన్నీ నాన్నకు చూపించి, అసలు ఆయన భయం దేని గురించో అడగండి. డబ్బా? మీ పెళ్లా? ‘అన్న కోసం నేర్చుకున్నావు’ అన్నదానికి మాత్రం, అన్నయ్య కోసం ఇకపై ఈ పని చేయబోవడం లేదనీ, ఇది మీ సొంత వృత్తి కోసమనీ చెప్పండి. బీఈడీ కావాలంటే డిప్లొమా అయ్యాకా చేయొచ్చు.

అన్నయ్య వెంటనే మెత్తబడకపోవచ్చు. తొందరపడి కాబోయే వదినతోనో, ఆమె తమ్ముడితోనో రాయబారం నడపకండి. మళ్లీ ఆయన సంగతి ఆయనకు తెలియకుండా మాట్లాడినట్టే అవుతుంది. మీ కోర్సులో పాఠం చెప్పే బధిర టీచరుంటే, పేర్లు చెప్పకుండా మీ తప్పు ఆయన ముందు పెట్టి అడగండి. మీ అన్నయ్య స్థానంలో తానుంటే ఏం కోరుకునేవారో ఆయన నాకన్నా సూటిగా చెప్పగలరు.